బేలు లోపలి నిప్పు

పోయిన నెల మా క్రైస్తవ సంఘానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. గోడకు తెల్లగుడ్డ కట్టించి దాని మీద మనిషి మెదడు బొమ్మ వేసి చూపించాడు. భయం ఇదిగో ఇక్కడ పుడుతుందన్నాడు. గాయపడ్డ మనసుకు ప్రార్థనా కావాలి, మెదడు శాస్త్రమూ కావాలి, ఇది ఈ మధ్యనే కొత్తగా తెలిసిన సంగతి అన్నాడు.

కొత్తగానట! నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, "అయ్యా, మీరు చూపిస్తున్న ఆ బాదంగింజంత ముక్క కోసం నేను ఎమ్మిగనూరులో మేక తలకాయ కోసి వెతికిన నాటికి మీకు పాలపళ్లు కూడా ఊడి ఉండవు" అన్నాను. అందరూ నవ్వారు. సంఘపెద్దలు భుజం పట్టి నన్ను కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను గానీ నా కోపం కూర్చోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది మూడో తరగతి, అదీ గోనెగండ్లలో సగం. మిగతా చదువంతా పొట్లం కాగితాల్లోనూ, ఆదోనిలో గ్రంథాలయం బల్ల మీదా అయింది. డెబ్బైల్లో ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవాణ్ణి. పత్తి కాలం వచ్చిందంటే ఆదోనికి మీసాలు నెరిసేవి. కరెంటు తీగల మీద దూది, ఎద్దుల కనురెప్పల మీద దూది, ఉగ్గాని బండి దగ్గర మిరపకాయ బజ్జీల మీద కూడా దూదే. బజ్జీని ఒకసారి ఉఫ్ మని ఊది నోట్లో పెట్టుకోవడం మాకు మర్యాద. ఊదకుండా తిన్నవాడు పొరుగూరివాడని లెక్క. మార్కెట్టు ముందు పత్తి బండ్ల వరస తెల్లారేసరికి ఎంత దూరం సాగి ఉండేదో! పచ్చి పత్తిగింజల వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

మిల్లులో జిన్ను యంత్రాలు వరసగా ఉండేవి. ఆడవాళ్లు వాటి ముందు కూర్చుని గుప్పెడు గుప్పెడుగా పత్తి తినిపిస్తే, అవి గింజను ఒక పక్కకూ దూదిని ఒక పక్కకూ వేరుచేసేవి. ఆ దూదిని ప్రెస్సులో అణిచి, ఇనుప పట్టీలు బిగించి బేళ్లు కట్టే పని నాది. నా భార్య ఒక జిన్ను దగ్గర, ఆమె చెల్లెలు పక్క జిన్ను దగ్గర కూర్చునేవాళ్లు. నా భార్య మా మేనత్త కూతురే. అందుకే ఆ చిన్నది నన్ను ఒక పట్టాన వదిలేది కాదు. అన్నాలకు పని ఆపే బిడువులో అందరి ముందూ అడిగింది ఒకరోజు:

"బావా, నువ్వు పొట్లం కాగితం గూడా సదవకుండా పారెయ్యవంట గదా. మా అక్క మొగం యెప్పుడన్నా సదివినావా?"

"మీ అక్క మొగంలో ఒత్తులు ఎక్కువే. నాకు రావు" అన్నాను. ఇద్దరూ పడి పడి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం పత్తిలో చిన్న రాయి వచ్చింది. జిన్ను కత్తికి తగిలి రవ్వ రాలింది. దూది మంట కట్టెల మంటలా ఒక చోట నిలబడదు. గాలిలో ఎగిరే నుసి పట్టుకుని షెడ్డంతా ఒక్క ఊపులో పాకుతుంది. నేను బయట ప్రెస్సు దగ్గర ఉన్నాను. మా ముసలి మేస్త్రి సాయిబు గోనెపట్టా కప్పుకుని లోపలికి దూరి నా భార్యను ఈడ్చుకొచ్చాడు. రెండోసారి దూరబోతే కప్పు కూలింది. చిన్నది లోపలే ఉండిపోయింది.

అటు తరువాత మిల్లు ఆవరణలో జరిగిన పని ఒకటి చెప్పాలి. కట్టి ఉంచిన బేళ్లు పైకి నల్లగా, చల్లగా, ఆరిపోయినట్టే కనిపించాయి. గుమాస్తా పైపు పెట్టి నీళ్లు కొట్టమన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు.

"పైన నీళ్లు పోస్తే తోలు తడుస్తాదప్పా. నిప్పు లోపల కూసోనుంటది. వారం ఉంటది, పది దినాలుంటది. ఒకే తూరి పట్టీలన్నీ తెంపినావనుకో, గాలి తాగి మొగం మీదికి లేస్తది. అట్లనే మూసిపెట్టినావా, రైలు డబ్బాలో పోయి లేస్తది. దాన్ని బయట బయలులోకి లాగి, ఒక్క పట్టీ వదిలి, ఒక్క పొర తీసి, తడిపి, ఇడిసిపెట్టాల. రేపు ఇంగో పొర."

అలాగే చేశాం. రోజుల తరబడి చేశాం. పొర తీసినప్పుడల్లా లోపల ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుని చూసేది. జిన్నింగు పనిలో ఉన్న ప్రతివాళ్లకూ ఇది తెలిసిన విద్యే. తెలిసిన విద్యను తెలిసిన చోటే వాడతాం మేము. ఇంటికి తెచ్చుకోం. అదే మా తప్పు.

నా భార్య ఆ తరువాత అగ్గిపుల్ల గీయలేదు. పొయ్యి వైపు వీపు పెట్టి కూర్చునేది. ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని ఉండేది, ఎప్పుడూ. చెల్లెలి పేరు నోట రాలేదు. ఆదోని వదిలేస్తే మేలని, మా అత్తను కూడా తీసుకుని ఎమ్మిగనూరుకు వచ్చేశాం. అక్కడ ఒక నేతగాడి దగ్గర నేను మగ్గం నేర్చుకున్నాను. నా భార్య రాట్నం తిప్పి నాడెలో పెట్టే కండెలు చుట్టేది. మా వీధిలో పొద్దు పొడవకముందే మగ్గాలు మొదలయ్యేవి. ఒక ఇంట్లో టకటక, ఇంకో ఇంట్లో టకటక, వీధంతా ఒకే గుండె ఉన్నట్టుండేది. అద్దకం నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా కాలువలో పారేవి. ఆ రంగు చూసి ఏ ఇంట్లో ఏ చీర ఎక్కుతోందో చెప్పేవాళ్లం.

వంట నాది. మా అత్తకు చూపు మందగించింది. నేను కాల్చిన జొన్నరొట్టెను తినాలంటే కుక్క కూడా ముందు ప్రార్థన చేసుకోవాలి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దాచుకోను.

మా సంఘాల్లో ఆదివారం పాటలయ్యాక అయ్యగారు, అంటే పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పేవారున్నారా?" అని అడుగుతాడు. దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, బర్రె దొరికిందని ఒకరు చెబుతారు. మంటల్లోంచి బయటపడ్డ మనిషి వచ్చిందంటే ఇంక ఎవరు వదులుతారు? నాకు గర్వం పుట్టింది. నాలుగు ఠావుల మీద నా చేత్తో నేనే రాశాను. "అగ్నికీలల నడుమనుండి నన్ను ఎత్తి బయట నిలువబెట్టిన నా ప్రభువునకు" అంటూ గ్రాంథికంలో, సున్నాలు సున్నాల్లా, కొమ్ములు కొమ్ముల్లా. ఆమెకు చదువు రాదు. నెల రోజులు కూర్చోబెట్టి కంఠతా పట్టించాను.

ఆమె చెబితే మందిరం "స్తోత్రం!" అని మోగేది. గోనెగండ్లలో చెప్పించారు. చుట్టుపక్కల పల్లెల్లో చెప్పించారు. మా అత్త ప్రతిసారీ ముందు చాప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. చెప్పి వచ్చాక నా భార్య మూడు రోజులు అన్నం ముట్టేది కాదు. మణికట్టు తోలు ఊడేటట్టు రుద్ది కడుక్కునేది. అయ్యగారిని అడిగాను.

"సహోదరుడా, సాక్ష్యం అంటే సాతానుకు కంటకము. వాడు శోధిస్తాడు. ఇంకా ఎక్కువ చెప్పించు" అన్నాడాయన. మంచివాడే. ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఊరూరూ తిరిగి రోగుల పక్కన కూర్చునేవాడు. తెలియనితనం మంచివాళ్లను మాత్రం వదులుతుందా?

నందవరంలో ఒక ఆదివారం మందిరం వెనక ప్రేమవిందుకు అన్నం వండుతున్నారు. నా భార్య సాక్ష్యం మధ్యలో ఉంది. గాలి తిరిగి పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆమె మాట ఆగిపోయింది. బల్ల కిందికి దూరిపోయింది. గొంతులోంచి ఏదో చప్పుడు వస్తోంది, అది మాట కాదు. "దయ్యం! దయ్యం పట్టింది!" అన్నారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు. ఒకడు చెవిలో "పో! పో!" అని అరిచాడు. నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. విడిపించడానికి కాదు. వాళ్లకు వీలుగా ఉండడానికి.

ఇన్నేళ్లూ నాకు నేను పెట్టుకున్న శిక్ష ఏమిటంటే, ఈ కథ ఎవరికి చెప్పినా ఆ మాట మింగకుండా చెప్పడం.

అప్పట్లో ఒక మిషన్ ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ నెలకొకసారి జీపులో ఎమ్మిగనూరు వచ్చి, మా మందిరం వరండాలో రోగులను చూసేది. పెద్దావిడ. ఎక్కడో దక్షిణాన పుట్టి తెలుగు పుస్తకంలో నేర్చుకుంది. నందవరం సంగతి విని, నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నా వంక చూసింది.

"నీ భార్యకు దయ్యము లేదు. భర్త ఉన్నాడు. అది చాలును" అంది.

అయ్యగారు కూడా అక్కడే ఉన్నాడు. నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు.

ఆవిడ మందుల చీటీ వెనక మెదడు బొమ్మ గీసింది. "ఇక్కడ బాదంగింజంత కావలివాడు ఒకడు ఉన్నాడు. పొగ వస్తే లేపుతాడు. మంచివాడే. కాని వీనికి తారీఖులు తెలియవు. నిన్నటి మంట, నేటి మంట ఒక్కటే. మీరు ప్రతి ఆదివారము ఈమెను నిలబెట్టి మంట అంటించుచున్నారు. వాడు ప్రతి ఆదివారము లేచుచున్నాడు."

"అయితే విశ్వాసం సంగతేమిటమ్మా? మందు వాక్యానికి మించినదా?" అని అయ్యగారు అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే.

"అయ్యా, ప్రవక్త ఒకడు బ్రదుకు వద్దని చెట్టు క్రింద పడుకొనినాడు కదా. దూత వచ్చి ఏమి చేసెను? ప్రసంగము చేసెనా? సాక్ష్యము అడిగెనా? రొట్టె కాల్చి పెట్టెను. నిద్రపోనిచ్చెను. మరల రొట్టె పెట్టెను. మాటలు ఆ తరువాత. దేవునికి మెదడు సంగతి తెలియును. చేసినవాడు ఆయనే కదా."

అయ్యగారు ఆ చీటీ తీసుకుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికిచ్చాడు.

నాకు ఆ కావలివాణ్ణి కళ్లారా చూడాలనిపించింది. నేను అంతే, చూస్తేగాని నమ్మను. మర్నాడు మటన్ కొట్టుకు పోయి మేక మెదడు అడిగాను. కొట్టు సాయిబు, "ఫ్రై చేస్తావా, పులుసా?" అన్నాడు. "చదువుతాను" అన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "చదవనీకి నీది లేదా అన్నా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి పలక మీద పెట్టి, చీటీ పక్కన పెట్టుకుని, మగ్గం దారం తెంపే బ్లేడుతో పొరలు కోశాను. ఏది కావలివాడో, ఏది కాదో! అన్నీ తెల్లగా జారిపోతున్నాయి. నా భార్య రాట్నం ఆపి చూసింది.

"ఏంది మామా అది?"

"నీ తలకాయలో ఉండే కావలివాణ్ణి వెతుకుతాండానే."

"నా తలకాయలో వాడు మేక తలకాయలో యెందుకుంటాడు? నీ తలకాయలో సూడు, ఖాళీగా ఉంటాది, ఈజీగా కనపడతాడు."

అని నవ్వింది. ఏడాది దాటింది ఆ నవ్వు విని. నేను బ్లేడు కింద పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మెదడు సాయంత్రం ఉల్లిగడ్డ వేసి నేనే వేయించాను. ముగ్గురం తిన్నాం. బాగానే ఉండింది.

మరుసటి నెల డాక్టరమ్మ వచ్చి పద్ధతి చెప్పింది. ఇక సాక్ష్యాలు వద్దు. అలాగని లోపల మూసిపెట్టడమూ వద్దు. కొంచెం చెప్పాలి, ఆగాలి. కాళ్లు నేల మీద ఆనించి, ఎదురుగా ఏమున్నదో చూసి, ఊపిరి నిదానంగా తీసి, ఈ రోజు ఏ రోజో పైకి అనాలి. చాలనిపిస్తే ఆపేయాలి. మళ్లీ ఇంకో రోజు కొంచెం.

నా భార్య వింటూ వింటూ తల ఎత్తింది. "బేలు ఇప్పినట్ల సేయాలంటావా డాక్టరమ్మా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అప్పుడు నా భార్య చెప్పింది. మేస్త్రి చెప్పినదంతా, తోలు తడవడం, నిప్పు లోపల కూర్చోవడం, ఒకే తూరి తెంపితే మొగం మీదికి లేవడం, బయలులోకి లాగడం, ఒక పట్టీ, ఒక పొర. చేతులతో చూపిస్తూ చెప్పింది. ఏడాదిలో ఆమె తన సొంత మాటలు అన్ని ఒక్కసారిగా మాట్లాడింది అదే. డాక్టరమ్మ పెన్ను తీసి రాసుకుంది. "ఇది మా పుస్తకములలో ఇంత బాగుగా లేదు" అంది.

రోజుల తరబడి ఆ బేళ్ల పక్కన నిలబడి పొరలు తీసినవాణ్ణి నేను. నాకు తట్టలేదు. ఆ చిన్నది అన్న మాట నిజమే. కాగితాలు చదివాను, మొగం చదవలేదు.

అలా మొదలుపెట్టాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక, తలుపులు బార్లా తీసి, వీధి కనబడేటట్టు కూర్చునేవాళ్లం. ఆమె చేతిలో రాట్నం తిరుగుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందంటే మాట కూడా ఆపేయాలని మాకు మేమే ఒక గుర్తు పెట్టుకున్నాం. అప్పుడు నేను, "ఈడ ఏముంది మే?" అని అడగాలి. "కుండ ఉంది. నీ చొక్కాకు గుండీ లేదు. వీధిలో అద్దకం నీళ్లు పచ్చగా పోతాండాయి" అని ఆమె చెప్పాలి. చెప్పగా చెప్పగా చెయ్యి మళ్లీ కదిలేది. కొన్ని రోజులు ఒక్క మాట. కొన్ని రోజులు అదీ లేదు.

ప్రార్థనా మానలేదు. బైబిల్లో పాత భక్తులు దేవుడితో పోట్లాడుతూ ఏడ్చిన పాటలు ఉంటాయి గదా, మందిరంలో ఎప్పుడూ చదవనివి, అవి చదివి వినిపించేవాణ్ణి. "దేవున్ని ఇంత మాట అనొచ్చా మామా?" అని అడిగింది ఒకసారి. "అన్నారు, రాసిపెట్టినారు, ఆయన కొట్టేయలేదు" అన్నాను. ఆమె ఆ పాటలు తన మాటల్లోకి మార్చుకుని రాట్నం లయకు గొణుక్కునేది. ఊపిరి దానంతట అదే నిదానించేది. ఏది ప్రార్థన, ఏది వైద్యం? విడదీసి చెప్పమని ఆ తెల్లగుడ్డ పెద్దమనిషిని అడగాల్సింది.

ఒకరోజు అయ్యగారు వచ్చాడు. నేను ముడుచుకున్నాను. నా భార్యే చెప్పింది: "అయ్యగారూ, ఈపొద్దు ఒక్క పట్టీనే. స్తోత్రం అనద్దు, ఊరికె కూసోండి." ఆయన కూర్చుని, చిక్కుపడ్డ నూలు చిలపను చేతులకు తగిలించుకుని గంటసేపు పట్టుకున్నాడు. ఆ తరువాత ఆదివారాల్లో, "సాక్ష్యం చెప్పేవారున్నారా?" అన్నాక, "మనసుంటేనే చెప్పండి. లేకుంటే కూర్చోవడమూ ఆరాధనే" అని చేర్చేవాడు.

పొరలన్నీ అయి చివరిది మిగిలింది. అది నాకు చెప్పేది కాదని ఆమెకు తెలుసు. వానలు పడి ఆగిన ఒక పొద్దున, మా అత్త గడప దగ్గర కూర్చుని అలసందలు వలుస్తోంది. నా భార్య రాట్నం తెచ్చి ఆమె ఎదురుగా వేసుకుంది. నన్ను లోపలికి పొమ్మనలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

"మా, అది నా సెయ్యి పట్టుకొనింది. గట్టిగా పట్టుకొనింది. మేస్త్రి నన్ను ఈడస్తాండాడు. నేను..." రాట్నం ఆగింది. నేను నోరు తెరవబోయాను. మళ్లీ తిరిగింది. "నేను ఇదిలించుకొంటి మా. దాని సెయ్యి నేనే ఇదిలించుకొంటి. దేవుడు నన్ను కాపాడినాడని ఊరూరా సెప్తి. ఇది సెప్పలేదు."

మా అత్త చేతిలో కాయ వలవడం పూర్తిచేసింది. గింజలు చేటలో వేసింది.

"నాకు తెలుసే" అంది. "ఆ దినం నీకు నీళ్లు పోసింది యెవరు? నీ మణికట్టు మీద గోరు గీతలు నేను కడగలేదా? అవి దాని గోళ్లని తల్లికి తెలియదా?"

నా భార్య తన మణికట్టు వైపు చూసుకుంది.

"ప్రతి ఆదివారమూ ముందర కూసోని, ఈపొద్దన్నా సెబుతాదేమో అని సూస్తి. నువ్వేమో నీ మొగుడు రాసిచ్చిన పెద్ద పెద్ద మాటలు సెబుతాంటివి. నిన్ను కాపాడినాడు, సరే. నా సిన్నదాన్ని యెందుకు ఇడిసిపెట్టినాడో ఆ కాగితంలో లేదు గదా. మంటలో యెవరు మాత్రం ఇదిలించుకోరు? ఇదిలించింది నీ సెయ్యి గాని నువ్వు కాదే. రెండు సేతులూ నేనే కన్నా. నాకు తెలుసు."

అప్పుడు నా భార్య చెల్లెలిని పేరు పెట్టి పిలిచింది. వీధి వైపు చూసి, సాయంత్రం ఆటలాపి ఇంటికి రమ్మన్నట్టు పిలిచింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, పక్కింటి మగ్గం కూడా కాసేపు ఆగింది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. చనిపోయేదాకా నా భార్య పొగ వస్తే లేచి గుమ్మంలోకి పోయేది. సిలువ మీద చనిపోయి లేచిన ప్రభువుకే గాయాల మచ్చలు పోలేదు గదా అని డాక్టరమ్మ అనేది.

గడప దగ్గర ఆ మాటలైన కొన్ని రోజులకు, నేను మగ్గం మీద ఉండగా నా భార్య వంటింట్లోంచి పిలిచింది.

"మామా, నీ ట్రంకుపెట్టెలో ఆ నాలుగు కాగితాలుండాయే, సాక్ష్యం, తీసకరా."

తెచ్చాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి వైపు మొగం పెట్టి. పక్కన తడిపిన జొన్నపిండి. అగ్గిపెట్టె ఒళ్లో ఉంది. కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే నలిపి పుల్లల కింద పెట్టింది. పాదాలు నేలకు ఆనించింది. "ఇది ఎమ్మిగనూరు. ఇది పొద్దున. మా అమ్మ బయట కూసోనుంది" అని పైకి అనుకుంది. మొదటి పుల్ల గీసి, భయపడి విసిరేసింది. రెండోది విరిగింది. మూడోది అంటుకుంది.

నా గ్రాంథికం కొమ్ములతో సహా మండింది. ఆమె మణికట్టు వదిలి, రెండు చేతులూ పిండిలో పెట్టింది.

"బాగా రాసినావు మామా" అంది. "మొగం మీదికి లేవకుండా సన్నగా అంటుకొనింది."

ఆ రోజు రొట్టె ఒక పక్క మాడింది. ఆ మాడిన ముక్క కోసం నేనూ మా అత్తా పోట్లాడుకున్నాం.